పళ్లాలు ఎత్తని రాత్రి

మా అక్క అత్తవారింట్లో క్రిస్మస్ పండుగ డిసెంబరు 22 రాత్రే, వంటింటి మూలనున్న బాల్చీలో మొదలవుతుంది. మూడు వేళ్ల మందాన కోసిన ఉప్పుచేప ముక్కలు అందులో చల్లని నీటిలో మునిగి, చర్మం పైకి తిరిగి ఉంటాయి. ఉప్పు కరిగి అడుగుకు దిగాలి కాబట్టి చర్మం ఎప్పుడూ పైకే ఉండాలనీ, కింద ఉంటే అది అడ్డుపడి ఉప్పు ముక్కలోనే నిలిచిపోతుందనీ అక్క అత్తగారు చేతులతో అభినయించి మరీ చెప్పారు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నీరు మార్చాలి. ఆవిడ ఆ పాత్రను చూపిస్తూ "బల్ద్" అన్నప్పుడు, పోర్చుగీసు రాని నాకు కూడా అర్థమైంది. మన బాల్చీకి ఆ మాట చుట్టమే.

అక్క పెళ్లయి ఎనిమిదేళ్లయినా, ఉత్తర పోర్చుగల్‌లోని వియానా దు కష్తేలు అనే ఆ ఊరికి పండుగకు వెళ్లడం నాకు ఇదే మొదటిసారి. ఏటా పిలవడం ఆమెకూ, ఏదో ఒక సాకు చెప్పడం నాకూ అలవాటైపోయింది. అయితే ఆ సంవత్సరం వసంతంలో వాళ్ల మామగారు పోయారు. "ఈసారి బల్ల దగ్గర మనిషి తగ్గినట్టు కనపడకూడదే, నువ్వు రా" అని అక్క ఫోనులో అన్నాక సాకులేవీ నోటికి రాలేదు.

లిస్బన్‌లో విమానం దిగి, అక్కడి నుంచి పోర్టోకు సుమారు మూడు గంటల రైలు ప్రయాణం చేసి, కంపన్యా స్టేషనులో బండి మారాలి. నా మొదటి బండి ఆలస్యమై రెండోది వెళ్లిపోవడంతో, చలిగాలిలో ప్లాట్‌ఫారం మీద గంటకు పైగా కూర్చోవలసి వచ్చింది. నా చుట్టూ ఉన్నవారిలో సగం మంది ఒళ్లో బేకరీ అట్టపెట్టెలు ఉన్నాయి. అవన్నీ బోలు రెయ్, అంటే రాజుగారి కేకు: నడుమ చిల్లు, పైన చక్కెరపాకంలో ఊరిన రంగురంగుల పండ్ల ముక్కలు. పూర్వం దాని లోపల ఒక ఎండు చిక్కుడు గింజ, ఒక చిన్న లోహపు బొమ్మ దాచేవారట. గింజ ఎవరి ముక్కలో వస్తే మరుసటి కేకు వారు కొనాలి. ఎవరైనా మింగేస్తారన్న భయంతో లోహపు బొమ్మను ఇప్పుడు మానేశారు. నాకైతే ఆ కేకు కొంచెం పొడిగా అనిపించిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను, అక్కతో చెప్పలేదు.

వియానా స్టేషను రావడానికి ముందు రైలు లీమా నదిని ఇనుప వంతెన మీదుగా దాటుతుంది. దీనిని 1878లో ఐఫెల్ సంస్థ కట్టింది. పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. నేను చేరేసరికి చీకటి పడింది, నది మొగ దగ్గర ఓడరేవు దీపాలు మాత్రమే కనిపించాయి. ఆ దీపాల మధ్య తెల్లగా నిలబడి ఉన్న పెద్ద ఓడ ఏమిటో మరునాడు బావగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చూపించారు.

దాని పేరు జిల్ ఇయానెస్. 1955లో ఈ ఊరి నౌకానిర్మాణ కేంద్రంలోనే తయారైన ఆసుపత్రి ఓడ అది. తుక్కుగా మారవలసిన దానిని 1998లో ఊరివారు తిరిగి తెచ్చుకుని మ్యూజియంగా మార్చారు. పోర్చుగీసువారు పండుగనాడు తినే బకల్యావ్, అంటే కాడ్ చేప, వాళ్ల సముద్రంలో దొరకదు. దానికోసం వాళ్ల ఓడలు అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్, గ్రీన్‌లాండ్ దాకా వెళ్లి, వసంతం నుంచి శరత్తు దాకా అక్కడే ఉండేవి. పెద్ద ఓడ నుంచి తెల్లవారుజామున ఒక్కొక్క మనిషినీ ఒక్కొక్క చిన్న పడవలో దించేవారు. అతడు ఒంటరిగా ఆ మంచుపొగలో గాలాల తాడు వేసి, పడవ నిండాక ఓడను వెతుక్కుంటూ తిరిగి రావాలి. వచ్చాక కూడా రాత్రి పొద్దుపోయేదాకా చేపలు కోసి ఉప్పులో పేర్చాలి. ఆ ఓడల వెంట తిరిగి జబ్బుపడ్డవారికి వైద్యం చేసి, ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు అందించేది జిల్ ఇయానెస్.

బావగారి తండ్రి ఇరవై ఏళ్లు నిండకముందే అలాంటి పడవ ఎక్కారు. 1961లో పోర్చుగల్ పాలనలోని ఆఫ్రికా వలస దేశాల్లో మొదలైన యుద్ధం 1974 దాకా సాగింది. వరుసగా కొన్నేళ్లు కాడ్ వేటకు వెళ్లిన కుర్రవాళ్లకు సైన్యంలో చేరకుండా మినహాయింపు దొరికేది కాబట్టి, ఎందరో తుపాకీకి బదులు గాలం ఎంచుకున్నారు. ఆ ఓడలోని ఆపరేషన్ గది దగ్గర బావగారు ఆగి, గాలం దిగబడిన చేతిని నాన్నకు ఇక్కడే కోసి కుట్టారని చెప్పి, ఆ బల్ల వంక కాసేపు చూసి, పద అన్నారు.

24వ తేదీ రాత్రి భోజనాన్ని కొన్సువాడ అంటారు. సాయంత్రం అత్తగారు అలమార తెరిచి, అంచుల్లో నీలి, ఎరుపు దారాలతో పూలు కుట్టిన తెల్లని నార గుడ్డ తీసి బల్ల మీద పరిచారు. ఆవిడ దాన్ని "తువాల్య" అంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ మాట మన దగ్గరకు వచ్చి తువాలై మగవాళ్ల భుజాలెక్కిందని అక్క వివరించాక ఆవిడా నవ్వారు. నేను ఊహించినంత ఆర్భాటం వంటలో లేదు: ఉడికించిన బకల్యావ్, ఉడికించిన బంగాళాదుంపలు, పెంక అనే దళసరి ఆకుల క్యాబేజీ, ఉడికించిన గుడ్లు, వాటన్నిటి మీదా వెల్లుల్లి వేసి వేడిచేసిన ఆలివ్ నూనె. మసాలా అన్నది లేదు. మొదటి ముద్దకు చప్పగా తోచిన ఆ చేప, రెండు రోజుల నానుడు తరువాత కూడా తనలో మిగుల్చుకున్న ఉప్పును నెమ్మదిగా వదులుతూ, నాలుగో ముద్దకు నన్ను మాట్లాడనివ్వలేదు. తీపి సంగతి వేరు. పాలలో, గుడ్డు సొనలో ఉడికి గట్టిపడిన సన్న సేమ్యా, అలెత్రీయ, వెడల్పాటి పళ్లెంలో చల్లారుతుంటే, అత్తగారు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాల్చినచెక్క పొడి పట్టుకుని, ముగ్గు వేసినట్టే, దాని మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక హృదయం వేశారు. వేళ్లు వణుకుతున్నా గీత తొణకలేదు.

బల్ల దగ్గర నాకొక సంగతి అంతుపట్టలేదు. మేము ఏడుగురం, పళ్లాలు ఎనిమిది. నేను వెళ్లింది తగ్గిన లెక్క పూరించడానికే అనుకున్నాను గాని, కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, దాని ముందు పళ్లెం, గ్లాసు, మడిచిన చేతిగుడ్డ ఉన్నాయి. ఎవరూ దాని మాట ఎత్తలేదు. భోజనాలయ్యాక, చుట్టపుచూపుగా వచ్చినవారు కూర్చుని ఉండటం బాగుండదని నేను లేచి ఎంగిలి పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేర్చబోయాను. అత్తగారు నా మణికట్టు పట్టుకుని ఆపి ఏదో అన్నారు.

"వదిలెయ్యమంటున్నారు. ఈ రాత్రికి అవి వాళ్లవట" అంది అక్క.

"వాళ్లంటే ఎవరే?"

"పోయినవాళ్లు. అర్ధరాత్రి వచ్చి మిగిలినవి తింటారని ఇక్కడి పెద్దల నమ్మకం. రొట్టె తునకలు కూడా దులపరు."

అర్ధరాత్రి అందరం కోడిపుంజు పూజ అని పిలిచే ప్రార్థనకు వెళ్లాం. చివర్లో అందరూ వరుసగా నిలబడి, ఫాదరు చేతుల్లోని బాలయేసు బొమ్మ పాదాన్ని ఒక్కొక్కరే ముద్దుపెట్టుకుంటుంటే, ఆయన ప్రతిసారీ గుడ్డతో తుడుస్తున్నారు. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా చీకటి. నీళ్ల కోసం వంటింటికి వెళుతూ బల్ల వంక చూశాను. చేప ముళ్లు, ఆలివ్ నూనె మరకలు, అడుగున ఒక గుక్క వైన్ మిగిలిన గ్లాసులు, అన్నీ వదిలినట్టే ఉన్నాయి. దీపం వెయ్యడానికి చెయ్యి రాలేదు, నీళ్లు తాగకుండానే వెళ్లి పడుకున్నాను.

మరునాడు పొద్దున కుండలో మిగిలిన చేపనూ దుంపలనూ క్యాబేజీనీ చిదిమి వెల్లుల్లి నూనెలో వేయించారు. దాని పేరు రోప వెల్య, అంటే పాత బట్టలు. నాకు ముందు రాత్రి భోజనం కన్నా ఇదే రుచిగా తోచింది. బల్ల సర్దే పని అప్పుడు నాకిచ్చారు. ఏడు పళ్లాలు నేను కడిగాను. ఎనిమిదో దానిలో ఎవరూ ఏమీ వడ్డించలేదు కనుక దానిని నేరుగా అలమారలో పెట్టబోతే, అత్తగారు నా చేతిలోంచి తీసుకుని, సబ్బు రాసి, రెండుసార్లు కడిగి, తుడిచి, మిగిలిన ఏడింటి కింద పెట్టారు.