డెలెన్ దండం విరిచిన సీన్

ఓ అంతరిక్ష స్టేషన్ చుట్టూ తిరిగే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ 'బాబిలాన్ 5'లో 1996 నాటి 'సెవర్డ్ డ్రీమ్స్' ఎపిసోడ్ గురించి నిన్న ఫ్రెండ్స్‌తో మాట్లాడుతుంటే టైమే తెలియలేదు. భూమి పంపిన యుద్ధనౌకలే స్టేషన్ మీద పడతాయి. ఆదుకోవడానికి వచ్చేదేమో ఒకప్పుడు మనుషుల్ని తుడిచిపెట్టేయబోయిన గ్రహాంతర జాతి మిన్‌బారీలు!

అందరికీ ఆ మిన్‌బారీ నౌకలు వచ్చే సీనే ఇష్టం. నాకు మాత్రం అంతకుముందు మిన్‌బారీ రాయబారి డెలెన్, తన జాతిని పాలించే గ్రే కౌన్సిల్‌ను నిలదీసి, దండాన్ని ఫటుక్కున విరిచేసే క్షణమే ప్రాణం. అక్కడ సొంతవాళ్లను ఎదిరించింది కాబట్టే ఆ నౌకలతో స్టేషన్‌కి రాగలిగింది. పైగా ఆ పాత్ర వేసిన మీరా ఫుర్లాన్, యుద్ధంతో ముక్కలవుతున్న యుగోస్లావియాను 1991లో వదిలి అమెరికా వెళ్లిన మనిషి. ఆ కోపం ఉత్త నటనంటే నేను నమ్మను.

సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు ఊరికే రాలేదు దీనికి. చూడనివాళ్లు దయచేసి నేరుగా ఈ ఎపిసోడ్‌కి దూకకండి, మొదటి సీజన్ నుంచి రండి.