షిమనోవ్‌స్కీ మొదటి క్వార్టెట్‌తో డిప్లొమా: మూడో మూవ్‌మెంట్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి

ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం) డిప్లొమా ఫలితాలు వచ్చాయి. పోలిష్ స్వరకర్త కరోల్ షిమనోవ్‌స్కీ మొదటి క్వార్టెట్‌తో (రెండు వయోలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచన; ఓపస్ 37, 1917) మా నలుగురం ఈసారి గట్టెక్కాం. సిలబస్, మార్కుల లెక్క మీకు తెలిసినవే కాబట్టి నేరుగా మూడో మూవ్‌మెంట్‌కి (రచనలోని మూడో భాగానికి) వస్తాను. మొదటి ప్రయత్నం పోయింది అక్కడే.

ఈ వివాచేలో (చురుగ్గా సాగే ఈ మూవ్‌మెంట్‌లో) నాలుగు పార్టులకి నాలుగు కీ సిగ్నేచర్లు, అంటే ఏ స్కేల్లో వాయించాలో చూపే షార్ప్ (అర మెట్టు పైకి), ఫ్లాట్ (అర మెట్టు కిందికి) గుర్తులు. మొదటి వయోలిన్‌కి మూడు షార్పులు (ఏ మేజర్), రెండో వయోలిన్‌కి ఆరు షార్పులు (ఎఫ్ షార్ప్ మేజర్), వయోలాకి మూడు ఫ్లాట్లు (ఈ ఫ్లాట్ మేజర్), చెల్లోకి ఏమీ లేవు (సి మేజర్). సి, ఈ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, ఏ: ఒక్కోదానికీ మధ్య మూడేసి సెమిటోన్లు (అర మెట్లు). 18వ శతాబ్దపు స్వరకర్త హైడెన్ రచనలు వాయించేటప్పుడు పక్కవాళ్ల స్వరానికి సర్దుకోవడం మంచి అలవాటే. ఇక్కడ సర్దుకున్నారంటే నాలుగు కీలూ చెరిగిపోయి, కావాలని రాసిన ఘర్షణ కాస్తా అపస్వరంలా వినిపిస్తుంది.

ఎక్కువ నలిగేది రెండో వయోలిన్. కారణం చేతిలో లేదు, తీగల్లో ఉంది. ఎఫ్ షార్ప్ మేజర్ స్కేల్లో వయోలిన్ తీగల స్వరాలైన జి, డి, ఏ, ఈ ఒక్కటీ రావు. అంటే ఆ కీ స్వరాల్లో ఒక్క ఓపెన్ స్ట్రింగ్ (వేలు నొక్కకుండా మోగే తీగ) కూడా దొరకదు. చెల్లోకి నాలుగూ దొరుకుతాయి, మొదటి వయోలిన్‌కి డి, ఏ, ఈ, వయోలాకి సి, జి, డి. అందుకే చెల్లో గణగణమంటుంటే రెండో వయోలిన్ నాదం మూసుకుపోతుంది. వాయించేవాళ్లు బో (కమాను) గట్టిగా నొక్కేస్తారు, స్వరం పక్కకి జారుతుంది. నొక్కకండి, బో నిడివి పెంచండి, చెల్లోని తగ్గమనండి. ఇంకొకటి, ‘ఈ షార్ప్’ స్వరం బదులు అలవాటుగా మామూలు ‘ఈ’ స్వరం పడిపోతుంది. ‘ఈ షార్ప్’ ఎక్కడెక్కడ వస్తుందో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి.

సాధన వరస ఇది. ముందు ఒక్కొక్కరూ తమ ఆధార స్వరానికి శ్రుతిపెట్టె పెట్టుకుని సగం వేగంలో రోజూ 20 నిమిషాలు. తర్వాత జంటలు: చెల్లో-వయోలా, రెండు వయోలిన్లు. అవి నిలబడ్డాకే ట్రైటోన్ (ఆరు సెమిటోన్ల దూరం) జంటలు: చెల్లో-రెండో వయోలిన్, వయోలా-మొదటి వయోలిన్. నలుగురూ కలవడం ఆఖర్న. శ్రుతిపెట్టె చిన్నపిల్లల పాఠానికి అంటారు కొందరు. ఈ క్రమం వదిలేసి మొదటిరోజే నలుగురూ కూర్చుంటే తప్పు ఎవరి దగ్గరుందో ఎప్పటికీ తేలదు, పట్టుబట్టి చేయాల్సిందే.

మొదటి మూవ్‌మెంట్‌లో లెంతో (నెమ్మది) నుంచి అల్లెగ్రోకి (వేగం) మారే చోట వేగం ముందే ఒప్పుకోండి. రెండోది పాటలా సాగాలి, "సెంప్లిచే" (సాదాగా) అని షిమనోవ్‌స్కీయే రాశాడు కాబట్టి వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) తగ్గించండి.

వైవాలో (మౌఖిక పరీక్షలో) తరచూ జరిగే పొరపాటు: పోలండ్ దక్షిణాన ఉన్న తాత్రా కొండల జానపదాన్ని ఈ క్వార్టెట్‌కి అంటగట్టడం. అది 1927 నాటి రెండో క్వార్టెట్ సంగతి. మూడు మూవ్‌మెంట్లే ఎందుకని అడిగితే, నాలుగోదిగా ఫ్యూగ్ (ఒకే రాగఖండం ఒక్కో వాద్యంలో వెంటవెంట వచ్చే రచన) అనుకున్నాడని, అది పూర్తికాక ఈ వివాచేనే చివరికి తెచ్చాడని చెప్పండి.