క్రావడి లేని దెయ్యం

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని గ్రూపులో మూడుసార్లు అడిగారు. వేపచెట్టు గురించీ, కబడ్డీ కప్పు గురించీ ఎలాగూ మీరంతా రాస్తారు, నేను దెయ్యం గురించి రాస్తా.

మనం తొమ్మిదిలో ఉన్నప్పుడు బడిలో సుద్దముక్కలు మాయమైపోయాయి, గుర్తుందా? రాత్రుళ్లు ఆడదెయ్యం తిరుగుతోందనీ, తెలిసినవాళ్ల గొంతుతో తలుపు దగ్గర పిలుస్తుందనీ, పలికితే తెల్లారేసరికి రక్తం కక్కుకుని పోతారనీ పుకారు. విరుగుడు ఒకటే, తలుపు మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాయడం. (కన్నడం వాళ్లు ‘నాళె బా’ అని రాసుకునేవాళ్లు, అంటే అదే ముక్క.) అది వచ్చి చదువుకుని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ చదువుతుంది. దెయ్యానికి చదువొచ్చు గానీ మా వీధిలో సగం మందికి రాదు. అందుకని నన్ను పిలిచారు. ఒక్క సాయంత్రంలో ఇరవై తలుపులు రాశాను, ఒక అవ్వ కూలి కింద బెల్లంముక్క కూడా పెట్టింది.

పొద్దున్నే చూస్తే మన తెలుగు సార్ సైకిల్ నడిపించుకుంటూ తలుపు తలుపూ చదువుతూ వస్తున్నారు. ఇలాంటివి నమ్ముతావా అని వీపు చిట్లగొడతారనుకున్నా.

“ఏరా, ఈ రాత నీదేనా?”

“అవును సార్.”

“క్రావడి ఏదిరా? స్తీ అంటే ఏంది? ఇది చూసి, నన్ను కాదులే అనుకుని లోపలికొస్తే ఎవడిది పూచీ?”

ఇరవై తలుపులకూ తిరిగి క్రావడి పెట్టించారు. ఆయన సైకిల్ పట్టుకుని నిలబడే ఉన్నారు.

ఆరోజు క్లాసులో పాఠం లేదు. హిరణ్యకశిపుడు ఇంట్లో చావకూడదు, బయట చావకూడదు, పగలు కాదు, రాత్రి కాదు అని పకడ్బందీగా వరం రాయించుకుంటే, నరసింహుడు సంధ్యవేళ గడప మీద కూర్చుని చంపాడని మనకు తెలిసిన కథే. కానీ సార్ అడిగిందేమిటంటే, సింహం తల, గోళ్లు, మెడలో పేగులు, ఆ ఇద్దర్లో చూడ్డానికి రాక్షసుడెవర్రా అని. ఎవరం నోరెత్తలేదు. తర్వాత అహోబిలం తీసుకెళ్లినప్పుడు జ్వాలా నరసింహస్వామి దగ్గర నేను ఆ ప్రశ్నే తలుచుకుంటూ నిలబడ్డా, మిగతావాళ్లు పులిహోర పొట్లాల కోసం కొట్టుకుంటున్నారు.

గుడి గుమ్మాల మీద ఉండే భూతం మొహం, అదే కీర్తిముఖం, దాని కథ కూడా ఆరోజే చెప్పారు. పార్వతిని ఇచ్చేయమని జలంధరుడనే రాక్షసుడు రాహువుతో కబురంపితే, శివుడి కోపంలోంచి ఒక భూతం పుట్టి రాహువుని తినబోయింది. రాహువేమో కాళ్లావేళ్లా పడి బతికిపోయాడు. మరి నా ఆకలి సంగతేంటంది భూతం. నిన్ను నువ్వే తినమన్నాడు శివుడు. కాళ్ల దగ్గర మొదలుపెట్టి మొహం తప్ప అంతా తినేసింది. ఆ మొహాన్నే ఆయన తన గుమ్మం మీద పెట్టుకున్నాడు. ఇప్పుడు కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకు నాలుక చాచిన దిష్టిబొమ్మ వేలాడుతుంటే నాకు ఇదే గుర్తొస్తుంది. మనం రాక్షసుల్ని తరిమేశామని చెప్పుకుంటాం గానీ, నిజానికి చాలామందిని వాకిట్లో కాపలాకు పెట్టుకున్నాం.

ఇది చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ అదే వారంలో బస్టాండు దగ్గర మతి సరిగా లేని ఒకామె, ఎవరో ఏ ఊరో తెలీదు, కనబడితే పిల్లాపెద్దా రాళ్లు పట్టుకుని వెంటపడ్డారు. నేనూ పరిగెత్తాను. రాయి వేశానో లేదో, వేయలేదనే చెప్పుకుంటూ వచ్చా ఇన్నేళ్లూ. సారే అడ్డం వెళ్లి, హోటల్లో ఆమెకు ఇడ్లీలు పెట్టించి కర్నూలు బస్సెక్కించారు. మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు, వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఏ దెయ్యానికీ నేను అంత భయపడలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే ఆ బెల్లం అవ్వ ఇల్లు పడగొట్టేస్తున్నారు. తలుపు తీసి పశువుల కొట్టానికి ఆనించారు. సుద్ద నిలవదని ఆ ఒక్క తలుపు మీదే మిగిలిపోయిన నీలం పెయింటుతో రాయించుకుంది. మర్నాటికి ఆ డబ్బా ఎండిపోతే సార్ తన జేబులోంచి ఎర్రసిరా తీసి ఇచ్చారు. నీలం సగం పెచ్చులూడింది. క్రావడి ఉండాల్సిన చోట చెక్క మీద, వంకరగా, ఎర్రటి చార ఇంకా కనబడుతోంది.