గ్లౌజులు వేసుకున్నాక చెయ్యి ఎక్కడెక్కడ తిరుగుతోంది?

వార్డులో కొత్తగా చేరే నర్సింగ్ అసిస్టెంట్లకు పని నేర్పించే బాధ్యత కొన్నేళ్లుగా నాదే. అంతకుముందు నేనూ అదే పని చేశాను. వచ్చినవాళ్లు మొదటిరోజే అడిగే మాట ఒకటుంది. "అక్కా, గ్లౌజులు వేసుకుంటే చాలు కదా, మాకేం అంటుకోదు కదా?"

ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ వార్డులో క్రిములు ఒక పేషెంటు నుంచి ఇంకో పేషెంటుకు చేరేది ఎక్కువగా మన చేతుల మీదుగానే. డాక్టరు వచ్చి కాసేపు ఉండి వెళ్తారు. స్నానం, డైపరు, పక్క మార్చడం, అన్నం తినిపించడం, ఇవన్నీ మనవే. రోజంతా పేషెంటు ఒంటి మీద ఉండేది మన చెయ్యే.

డైపరు మార్చేటప్పుడు నేను పక్కన నిలబడి చూస్తాను. గ్లౌజులు వేసుకుంటారు, శుభ్రంగా తుడుస్తారు, అంతా బాగానే ఉంటుంది. ఇంతలో కొత్త డైపరు అలమరలో ఉందని గుర్తొస్తుంది. అదే గ్లౌజుతో కర్టెన్ జరుపుతారు, అలమర తలుపు తీస్తారు. తిరిగొచ్చి మంచం రెయిలింగ్ పైకి లేపుతారు, దిండు సర్దుతారు, కాలింగ్ బెల్ పెద్దాయన చేతికి అందిస్తారు. ఆయన కాసేపయ్యాక అదే చేత్తో బిస్కెట్ తింటారు. తప్పు చేశామన్న సంగతి ఆ అమ్మాయికి తెలియనే తెలియదు. ఎందుకంటే తన చేతికి ఏమీ అంటలేదు.

అందుకే నేను నేర్పించే మొదటి పాఠం ముందే అన్నీ సర్దుకోవడం. కొత్త డైపరు, తుడిచే గుడ్డలు, మురికివి వేసే కవరు, ఉతికిన దుప్పటి, ఇంకో జత గ్లౌజులు, అన్నీ చేతికి అందేలా పెట్టుకున్నాకే పేషెంటు దగ్గరికి వెళ్లాలి. ఆడవాళ్లయితే ముందు నుంచి వెనక్కే తుడవాలి, మలద్వారం దగ్గరి క్రిములు మూత్రద్వారానికి చేరకుండా. తడిసిన దుప్పటిని లోపలికి చుట్టుకుంటూ తీయాలి. దులపకూడదు, మన యూనిఫాంకి ఆనించుకుని మోసుకెళ్లకూడదు, నేల మీద పడేయకూడదు. మురికి పని అయిపోగానే గ్లౌజులు తీసేసి, చేతులు శుభ్రం చేసుకుని, అప్పుడే ఉతికిన దుప్పటి ముట్టుకోవాలి.

గ్లౌజు తీయడమూ నేర్చుకోవాల్సిందే. మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని మొదటిది లాగి, గ్లౌజు ఉన్న చేతిలో ముద్దగా పట్టుకోవాలి. ఖాళీ చేతివేలిని రెండో గ్లౌజు లోపలికి పోనిచ్చి, మొదటిదాని మీదుగా తిరగేసి తీయాలి. ఆ తర్వాత కూడా చేతులు శుభ్రం చేసుకోవాలి. "గ్లౌజులు వేసుకున్నాం కదా అక్కా, మళ్లీ ఎందుకు?" అంటారు. కంటికి కనపడని చిల్లులు ఉండొచ్చు, తీసేటప్పుడు వేలికి అంటొచ్చు.

శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. అందరూ అరచేతులు బాగానే రుద్దుతారు. బొటనవేళ్లు, వేళ్ల కొసలు వదిలేస్తారు. పేషెంటును ఎక్కువగా తాకేది వాటితోనే! చేతికి మురికి కనిపిస్తుంటే శానిటైజర్ పనికిరాదు. సి. డిఫిసిల్ అనే పేగు క్రిమి వల్ల విరేచనాలయ్యే పేషెంటు దగ్గర కూడా సబ్బూ నీళ్లే వాడమంటాను, ఆ క్రిమి స్పోర్లు, అంటే గట్టి పొర కప్పుకున్న దాని విత్తనాల్లాంటివి, ఆల్కహాల్‌కి చావవు కాబట్టి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రతకు ఐదు సందర్భాలు చెప్పింది: పేషెంటును ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రొసీజర్ ముందు, రక్తమో మలమూత్రాలో అంటుకునే అవకాశమున్న పని తర్వాత, పేషెంటును ముట్టుకున్నాక, పేషెంటు చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్నాక. ఈ చివరిదాన్నే అందరూ మర్చిపోతారు. "నేను పేషెంటును ముట్టుకోలేదక్కా, టేబుల్ జరిపానంతే" అంటారు. ఆ టేబుల్ మీద ఆయన పొద్దుటి నుంచి దగ్గుతూనే ఉన్నారు.

నేను వార్డులో తిరిగేటప్పుడు ముందు చూసేది యూరిన్ బ్యాగ్. అది ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. చాలామంది రెయిలింగ్‌కి తగిలిస్తారు. రెయిలింగ్ పైకి లేపగానే బ్యాగూ లేస్తుంది, మూత్రం వెనక్కి పోతుంది. కదలని మంచం ఫ్రేముకే తగిలించాలి. స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు బ్యాగును పేషెంటు పొట్ట మీద పెట్టేస్తారు, నాకు ఎక్కడ లేని కోపం వస్తుంది. ఖాళీ చేసేటప్పుడు గొట్టం కొస జగ్గుకు తగలకూడదు. ఒక్కో పేషెంటుకు ఒక్కో జగ్గు. ఒకే జగ్గుతో వరసగా మంచాలన్నీ తిరిగితే ఒకరి ఇన్ఫెక్షన్ అందరికీ పంచినట్టే.

నోరు శుభ్రం చేయడాన్ని చాలామంది చిన్న పనిగా చూస్తారు. నోట్లో పెరిగిన క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారితే మంచం పట్టిన మనిషికి న్యుమోనియా రావొచ్చు. పళ్లు తోమే పనిని ఎంత రద్దీలోనూ మానొద్దంటాను.

డాక్టరు చేతులు కడగకుండా వస్తే మనం ఎలా చెప్తాం అని అడిగేవాళ్లకు వియన్నా సంగతి చెప్తాను. 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసిన ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే విభాగంలో బాలింత జ్వరంతో చనిపోయేవాళ్లు, మంత్రసానులు చూసే విభాగంలో కంటే చాలా ఎక్కువ. శవపరీక్షలు చేసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని ఆయన గ్రహించి, క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు. మరణాలు బాగా తగ్గాయి. చదువు ఎక్కువున్న చెయ్యి అని క్రిమి వదిలిపెట్టదు. "సార్, శానిటైజర్ ఇక్కడుంది" అని బాటిల్ ముందుకు జరపండి చాలు. మీ వెనక నేనుంటాను.

ఇక సూదులు. ఇంజెక్షన్లు మన పని కాకపోయినా దుప్పట్ల మడతల్లో వాడిన సూది దొరకొచ్చు. అందుకే దుప్పటిని గుప్పిట్లో నలిపి పట్టుకోవద్దు, చూసుకుంటూ చుట్టాలి. గుచ్చుకుంటే పిండొద్దు. సబ్బుతో, పారే నీళ్లలో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వకూడదు. తిడతారేమోనని, ఉద్యోగం పోతుందేమోనని రెండు రోజులు దాచిపెట్టి, ఆ తర్వాత ఏడుస్తూ నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అందుకే చేరిన రోజే నా ఫోన్ నంబరు రాసిస్తాను. నైట్ డ్యూటీలో ఎన్ని గంటలకు గుచ్చుకున్నా సరే, అప్పుడే చెయ్యమంటాను.