హన్మకొండలో మొదటి ఎయిర్ పిస్టల్: గాలి సంగతి ముందు చూసుకున్నాను

మందుగుండుతో పేలే .22 తుపాకీ కొనాలంటే లైసెన్సు దరఖాస్తు ఫారం ఏ-1 నింపి, మన దగ్గరైతే పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టుకుని, విచారణ అయ్యేదాకా ఆగాలి. 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల పోటీ పిస్టల్ 0.45 గ్రాముల పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండు) సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్కగడితే 5 జౌళ్లు. అలాగని బొమ్మ కాదు, కంట్లో పడితే చూపు పోతుంది. నేను దీంతోనే మొదలుపెట్టాను.

రైఫిల్ జోలికి వెళ్లలేదు. దానికి కాన్వాసు జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ విడిగా కొనాలి. మే నెల ఓరుగల్లు ఎండలో ఆ జాకెట్ తొడుక్కునే ఓపికా ఉండాలి.

కొనేముందు హైదరాబాద్‌లో ఒక షూటింగ్ రేంజిలో నాలుగు పిస్టళ్లు పట్టి చూశాను. బ్రాండు కన్నా ముందు చూడాల్సింది పిడి. చూపుడు వేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద నేరుగా పడాలి. పిడి పెద్దదైతే వేలి కొస మాత్రమే అందుతుంది, నొక్కినప్పుడల్లా గొట్టం పక్కకు జరుగుతుంది. కళ్లు మూసుకుని చెయ్యి చాపి, మళ్లీ తెరిస్తే గొట్టం కొసన ఉండే ఫ్రంట్ సైట్, వెనుక సైట్ గాడికి మధ్యలో నిలవాలి. నాకు మీడియం పిడి సరిపోయింది. బొటనవేలి దగ్గర ఒరుసుకుంటుంటే గరుకు కాగితంతో రుద్దుకున్నాను. కొంచెం రుద్దడం, పట్టి చూడటం, మళ్లీ రుద్దడం. ఒకేసారి చెక్కేస్తే పోయిన చెక్క తిరిగి రాదు.

ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదని పోటీ నియమం. గొట్టాన్ని నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి, పిస్టల్‌ను మెల్లగా పైకి లేపుతారు. తూకం నేల విడిచినా పేలకూడదు. సరిగ్గా 500 దగ్గర పెట్టుకుంటే పోటీ రోజు తూకంలో పోయే ప్రమాదం ఉంది, అందుకే నాది 520 దగ్గర పెట్టాను. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఎంతో నునుపుగా ఉంటుంది కానీ చెడితే ఇక్కడ చూసేవాళ్లు లేరు. మెకానికల్ తీసుకున్నాను. డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) మీట ఉందో లేదో తప్పకుండా చూడండి. సాధనలో సగానికి పైగా పెల్లెట్ లేకుండానే జరుగుతుంది.

అసలు చిక్కు గాలితో. ఒక్క లాగుడుతో గాలి పట్టే రకానికి సిలిండరే అవసరం లేదు. కానీ పోటీలో 60 గుండ్లంటే 60 సార్లు లాగాలి, దానికి ముందు ప్రాక్టీసు గుండ్లు వేరు. నలభై దాటేసరికి చెయ్యి వణికితే గురి ఏముంటుంది? స్ప్రింగు రకం పిస్టన్ కుదుపుకు, పట్టు కాస్త మారినా గుండు వేరే చోట పడుతుంది. మిగిలింది ముందే 200 బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి నింపి పెట్టుకునే సిలిండర్ రకం. హైదరాబాద్‌లో 300 బార్ల స్కూబా ట్యాంకు (నీటి అడుగున ఈదేవాళ్ల గాలి ట్యాంకు) నుంచి నిమిషంలో నింపేస్తారు. ప్రతిసారీ 150 కి.మీ. పోయి రాలేం కదా. అందుకే పిస్టల్ ధర చూసేటప్పుడే చేతి పంపునూ అదనపు సిలిండర్‌నూ కలిపి చూశాను. ఆ లెక్కలో విదేశీ పిస్టల్ నా చేయి దాటిపోయింది, దేశీ తయారీకే వచ్చాను.

పంపు కొట్టేటప్పుడు యాభై దెబ్బలకోసారి ఆపి చల్లారనివ్వాలి. వేడెక్కితే లోపల గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు, అంటే ఓ-రింగులు, పాడవుతాయి. వానాకాలం గాలిలోని తేమ సిలిండర్‌లోకి చేరి వాల్వుకు తుప్పు పట్టిస్తుంది, కాబట్టి తేమ పీల్చే గింజల గొట్టం ఉన్న పంపే కొనాలి. గింజలు రంగు మారితే మార్చేయాలి. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు తప్ప మామూలు నూనె, గ్రీజు పెట్టకూడదు. ఒత్తిడికి అవి నిప్పంటుకుంటాయి. ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుకోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ మాట చెవిన పెట్టకండి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కు కాస్త గ్రీజు తగిలితే చాలు, చేతిలోనే పేలుతుంది.

అదనపు సిలిండర్ అమ్మినవారు నాకు మొదట పంపింది చూస్తే దాని మీద కొట్టిన తయారీ తేదీకి అప్పటికే ఏడేళ్లు. చాలా కంపెనీలు ఇచ్చే గడువు పదేళ్లే. రంగు, మెరుపు కొత్తగానే ఉన్నాయి! తిప్పి పంపి వేరేది తెప్పించాను. తేదీ ఫోటో చూశాకే డబ్బు కట్టాల్సింది.

పెల్లెట్లు ఆఖరున. తల కొలత 4.49, 4.50 డబ్బాలు ఒక్కొక్కటి తెచ్చి, పిస్టల్‌ను మెత్తటి గుడ్డ చుట్టి బల్ల బిగింపులో పెట్టి, 10 మీటర్ల నుంచి పదేసి పేల్చాను. 4.50వి పక్కపక్కనే చెదిరాయి. 4.49వి ఒకే చిరుగులోకి దూరాయి.