కుర్సుర లోపల మా తాత

తాత పోయి మూడు నెలలైంది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు మామ్మ ఉన్నట్టుండి, "నన్నోపాలి వైజాగ్ తీసుకెళ్ళు బాబూ, ఆ సబ్‌మెరైన్ చూడాల" అంది.

తాత నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్ పేరు కుర్సుర. దాన్ని మ్యూజియంగా తెరిచింది 2002లో. ఇన్నేళ్ళలో మేం ఎంత పిలిచినా తాత రాలేదు. "దిగొచ్చేసినాను కదా, మళ్ళీ ఎక్కడమేటి" అనేవాడు. ఆయన రాడు కాబట్టి మామ్మ కూడా రాలేదు.

సోంపేటలో పొద్దున్నే రైలెక్కాం. విజయనగరం దాటేదాకా మామ్మ ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆర్కే బీచ్‌లో ఇసుక ఒడ్డున నల్లగా, 91 మీటర్ల పొడవున పడుకుని ఉంది కుర్సుర. బయట నుంచి చూస్తే పెద్దదే. లోపలికి అడుగు పెట్టాక తెలిసింది, మనిషికి మిగిలిన చోటెంతో. రెండు పక్కలా పైపులు, వాల్వులు, మీటర్లు. ఇందులో డెబ్బై మందికి పైగా వారాల తరబడి బతికేవారు. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరి వెళ్ళాలి. అక్కడ గైడుగా ఉన్న ఒక రిటైర్డ్ నేవీ ఆయన మామ్మ చెయ్యి పట్టుకుని, "ముందు కాలు పెట్టండమ్మా, తర్వాత తల వంచండి" అన్నారు.

ఆ మాటకి నాన్న నా వైపు చూశాడు. మా ఇంటి గుమ్మాలు ఏడడుగులు. అయినా తాత ప్రతి గుమ్మం దగ్గరా తల వంచే దాటేవాడు. నడుం వంగిపోయిందనుకునేవాళ్ళం.

మంచినీళ్ళు కొలిచి వాడుకోవాలి కాబట్టి సముద్రంలో ఉన్నన్నాళ్ళూ స్నానం అన్నమాటే ఉండేది కాదని గైడు చెప్పారు. కుళాయి కారుతుంటే అర్ధరాత్రయినా లేచొచ్చి కట్టేసే తాతని పిసినారి అని ఎన్నిసార్లు విసుక్కున్నామో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఇంజన్ రూంలో మామ్మ ఆగిపోయింది. తాత పనిచేసింది అక్కడే. మూడు డీజిల్ ఇంజన్లు, మధ్యలో మనిషి పట్టేంత సందు. అవన్నీ ఒక్కసారి తిరిగితే పక్కవాడి మాట కూడా వినపడదట. తాతకి యాభై ఏళ్ళకే చెవులు పోయాయి. కానీ బోరు మోటారు మీద అరచెయ్యి ఆన్చి, బేరింగ్ పోయిందో లేదో చెప్పేసేవాడు. ఊళ్ళో రైతులు ఆయన్ని పిలిచాకే మెకానిక్‌ని పిలిచేవారు.

1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లోని రీగాలో ఈ సబ్‌మెరైన్ మన నేవీలో చేరినప్పటి నుంచీ తాత ఇందులోనే ఉన్నాడు. అప్పటికి సూయెజ్ కాలువ మూసేసి ఉంది. ఆఫ్రికా అంతా చుట్టి, మారిషస్ మీదుగా 1970 ఏప్రిల్‌లో ఇండియా చేరారు. తాత మాకు చెప్పిందల్లా రీగాలో మంచు గురించీ, మారిషస్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపించడం గురించీ. యుద్ధం సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

అది మామ్మ చెప్పింది, ఆ ఇంజన్ల మధ్య నిలబడి. 1971 డిసెంబరు. మామ్మకి నెలలు నిండాయి. వైజాగ్ దగ్గర సబ్‌మెరైన్ మునిగిపోయిందని ఊళ్ళోకి కబురొచ్చింది. ఎవరిదో చెప్పినవాళ్ళకీ తెలీదు. మునిగింది పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ. కుర్సుర అరేబియా సముద్రం వైపు ఉంది. ఆ సంగతి మామ్మకెలా తెలుస్తుంది? "మూడు రోజులు బొట్టు చెరిగిపోద్దేమో అని మొహం కడుక్కోలేదు" అంది. నాన్న ఆ వారంలోనే పుట్టాడు. తాత ఉత్తరం వచ్చేసరికి బిడ్డకి ఇరవయ్యో రోజు. నాన్న ఈ మాట వినడం ఇదే మొదటిసారి. పక్కకి తిరిగి ఏదో మీటరు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

చివరి గదిలో టార్పెడో గొట్టాల పక్కన బంకులున్నాయి. ఒకదాని మీద ఒకటి, బోర్లా తిరగాలన్నా కష్టమే.

"మా ఆయన పడుకున్నది ఏది బాబూ?" అని అడిగింది మామ్మ.

"ఒకరిదని ఉండేది కాదమ్మా. ఒకరు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చదనం పోకముందే ఇంకొకరు పడుకునేవారు."

మామ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత ఆ చివర నుంచి మొదలుపెట్టి, అందినంత మేర ప్రతి బంకునూ అరచేత్తో తాకుతూ వచ్చింది. వెనక జనం ఆగిపోయారు. గైడు వాళ్ళని ఆగమని చెయ్యెత్తారు. పై వరుస తనకి అందకపోతే నాన్న చెయ్యి పట్టుకుని పైకెత్తింది, ఆయన చేత్తో తాకించింది.