మూడో బీపీ మాత్ర తర్వాత నిద్ర పరీక్ష

టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్, వాటికి తోడు ఒంట్లో నీరు తీసే క్లోర్తాలిడోన్. ఇన్ని మింగుతున్నా పై బీపీ 160 నుంచి దిగేది కాదు. ఉప్పు తగ్గించాను, ఆవకాయ జాడీ అటకెక్కించాను. ఎక్కడికెళ్లినా "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అనేవారు. ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొత్తగా చూపించుకున్న కార్డియాలజిస్టు మాత్రల జోలికి పోకుండా "గురక పెడతారా అమ్మా?" అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. మా ఆయనే అందుకున్నారు: "పెడుతుందండీ. మధ్యలో టక్కున ఆగిపోతుంది. కాసేపటికి ఉలిక్కిపడి ఎగపీలుస్తుంది." మగవాళ్ల గురక మీద ఇంటిల్లిపాదీ జోకులేస్తారు గానీ ఆడవాళ్ల గురక సంగతి డాక్టరు దాకా వెళ్లదు. ముట్లుడిగాక మనలోనూ ఈ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పెరుగుతుందట. పొద్దున్నే తలనొప్పి, రాత్రి మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవడం కూడా దీని లక్షణాలేనన్నారు.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి లేపుతుంది, అడ్రినలిన్ ఎగబాకుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. రాత్రంతా ఇదే వరస. ఆ బిగింపు పగలూ పూర్తిగా వదలదు. మామూలుగా నిద్రలో బీపీ పగటికన్నా 10 నుంచి 20 శాతం తగ్గాలి. 24 గంటల బీపీ మిషన్ కట్టి చూస్తే నాకు రాత్రి తగ్గనే లేదు.

నిద్ర పరీక్ష ఇంట్లోనే చేశారు. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. గోళ్ల రంగు ముందే తుడిచేయమన్నారు. ఇవన్నీ తగిలించుకుని నిద్రేం పడుతుందిలే అనుకున్నాను, పట్టింది. రిపోర్టులో గంటకు 38 అని వచ్చింది. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు అన్నిసార్లు జరిగిందని అర్థం. 30 దాటితే తీవ్రమే.

దీనికి సీప్యాప్ మిషన్ వాడాలి, అది మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకుపోకుండా చూస్తుంది. కొనే ముందు అద్దెకు తెచ్చుకున్నాం, ఎవరికైనా అదే చెబుతాను. మాస్కుతోనే అసలు తంటా. షాపువాళ్లు మగవాళ్ల సైజు అంటగట్టారు. పైగా నా ముక్కుపుడక దగ్గర అంచు లేచి గాలి బుస్సుమంటూ కంట్లోకి కొట్టేది. చిన్న సైజు మార్పించి, పుడక తీసి సన్నటి పుల్ల పెట్టుకున్నాక గానీ కుదరలేదు. మా అత్తయ్య రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు. గొంతెండిపోతుంటే మిషన్‌కి నీళ్ల డబ్బా పెట్టించాను, అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి.

మిషన్ వల్ల బీపీ సగటున రెండు మూడు పాయింట్లే తగ్గుతుందనీ, మాత్రలకు లొంగని వాళ్లలో ఇంకాస్త ఎక్కువ తగ్గొచ్చనీ డాక్టరు ముందే చెప్పారు. తలనొప్పి ముందు పోయింది. బీపీ నెమ్మదిగా 140 లోపుకొచ్చింది. క్లోర్తాలిడోన్ డోసు సగం చేశారు, మిగతా రెండూ అలాగే ఉన్నాయి. బరువు తగ్గితే మళ్లీ నిద్ర పరీక్ష చేద్దామన్నారు. ప్రస్తుతం సాయంత్రం నడక మొదలుపెట్టాను.